తోలు కడిగిన నీళ్లు – శుద్ధి అంటే ఏమిటి?

సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఒక కుర్రవాడు మా చర్మవ్యాధుల ఓ.పి.కి మూడు సంవత్సరాలు తిరిగాడు. రెండు చేతుల మీద, వేళ్ల సందుల్లో చర్మం పగిలి రసి కారేది. విపరీతమైన దురద. మొదట తామర అనుకున్నాం. తర్వాత గజ్జి అనుకుని ఇంటిల్లిపాదికీ మందు పూయించాం. పూసినన్నాళ్లు తగ్గినట్టే ఉండేది, మళ్లీ వచ్చేది. నాలుగోసారో ఐదోసారో వచ్చినప్పుడు వాళ్ల అమ్మ ఒక మాట అన్నది: "పండక్కొచ్చి పది రోజులు ఇంటికాడ ఉంటే మానిపోతాది సిస్టరమ్మా. మళ్లా పనికి పోతే వస్తాది."

ఆ మాట మేము మొదటి రోజే అడిగి రాబట్టవలసింది. కేసు షీటులో వృత్తి అనే గడి ఉంటుంది. అందులో 'కూలి' అని రాసి ఉంది. రాసింది మేమే. ఏ కూలి, ఎక్కడ, చేతులకు ఏం తగులుతుంది అని అడిగే తీరిక మూడేళ్లలో మాకు దొరకలేదు.

అతను పక్క రాష్ట్రంలో ఒక తోళ్ల కర్మాగారంలో పని చేస్తున్నాడు. తోళ్ల మీద కాదు, తోళ్లు కడిగిన నీళ్ల మీద. మురుగునీటిని శుద్ధి చేసే చోట సున్నం కలపడం, పటిక కలపడం, పంపులు చూడడం, తొట్ల అడుగున చేరిన మడ్డి ఎత్తడం అతని పని. డాక్టరుగారు పెద్దాసుపత్రికి రాసి ప్యాచ్ టెస్టు చేయించారు. అతని ఒంటికి క్రోమియం పడదని తేలింది. అలాంటివారికి ఒకసారి పడకుండా పోతే జన్మంతా పడదు. ఆ పని మాని తాపీ పనికి పోతానన్నాడు. డాక్టరుగారు వద్దన్నారు. సిమెంటులో కూడా కొద్దిగా క్రోమియం ఉంటుంది, తాపీ మేస్త్రీల చేతులు పగలడానికి అదీ ఒక కారణమే. తోలు చెప్పులు కూడా మాన్పించాం.

ఆ తడవ చేతులకు చీము పట్టి వారం రోజులు వార్డులో ఉన్నాడు. డ్రెస్సింగ్ చేసేటప్పుడు నొప్పి మరిపించడానికి మా సిస్టర్లు పని సంగతులు అడిగేవారు. అతను ఎంతో ఓపిగ్గా, చదువుకున్నవాడి కంటే బాగా చెప్పేవాడు. ఈ వ్యాసంలో చాలా భాగం అలా విని, తర్వాత పుస్తకాలతో సరిచూసుకున్నదే. మేము రసాయన శాస్త్రం చదివినవాళ్లం కాము. నర్సింగ్ డిప్లొమాలో మాకు వచ్చిన రసాయన శాస్త్రమంతా లోషన్లు పలచన చేయడం వరకే.

దీన్ని పత్రికలో రాయడానికి ఇంకొక కారణం ఉంది. మన తీరంలో కోట మండలం కొత్తపట్నం దగ్గర కృష్ణపట్నం పేరుతో పెద్ద లెదర్ పార్కు పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. మత్స్యకారులు, రైతులు అభ్యంతరం చెప్పారు. అది నలుగుతున్న రోజుల్లో పల్లెల్లో ఆరోగ్య శిబిరాలకు వెళ్తే బి.పి. చూపించుకుంటూనే అడిగేవారు: "నీళ్లు శుద్ధి చేసే సముద్రంలోకి వదుల్తారంట గదమ్మా. శుద్ధి అంటే ఏంది? తాగొచ్చా?" మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. బూట్ల ఫ్యాక్టరీ వేరు, తోళ్ల కర్మాగారం వేరు. తడ వైపు మన ఆడపిల్లలు వెళ్లే బూట్ల ఫ్యాక్టరీలో కత్తిరించడం, కుట్టడం, అతికించడం. పచ్చి తోలును తోలుగా మార్చే చోటే ఈ నీళ్ల సమస్య.

తోలుకు ఇన్ని మందులెందుకు

మా పాఠకుల్లో, మా సిబ్బందిలో కూడా, చాలామంది తాతల కాలంలో ఇంటి వెనుక లంద ఉండేది. సున్నం నీళ్లలో తోలు నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయల రసంలో వారాల తరబడి ఊరబెట్టేవారు. ఆ వాసన పేరు చెప్పి వాళ్లను ఊరి బయట ఉంచిన పెద్దలు, వాళ్లు కుట్టిన చెప్పులు మాత్రం తొడుక్కునే తిరిగారు. ఆ లంద నీళ్లూ మంచివి కావు. కాని అవి కొద్దిగానే ఉండేవి, చెక్క రసం కాలక్రమాన మట్టిలో మురిగిపోయేది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసులో క్రోమియంతో తోలు పదును చేసే పద్ధతి వచ్చింది. మన వాళ్లు ఎలక్ట్రిక్ రైలులో వెళ్తూ చూసే క్రోంపేటకు ఆ పేరు అక్కడ ఉన్న క్రోమ్ లెదర్ కంపెనీ వల్లనే వచ్చింది. వారాల పని రోజుల్లో అయిపోతుంది. తోలు మెత్తగా ఉంటుంది, వేడికి ముడుచుకోదు. ఇప్పుడు లోకంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం ఇలా చేసిందే.

పచ్చి తోలు కర్మాగారానికి వచ్చేసరికే ఉప్పుతో నిండి ఉంటుంది. కుళ్లకుండా తోలు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉప్పు పట్టిస్తారు. నానబెట్టగానే ఆ ఉప్పు, రక్తం, పేడ నీటిలోకి దిగుతాయి. తర్వాత సున్నం, సోడియం సల్ఫైడ్ కలిపిన నీటిలో వేస్తే వెంట్రుకలు కరిగి ఊడిపోతాయి. ఆ తర్వాత సున్నం విడిపించడానికి అమ్మోనియం లవణాలు, పికిల్ అనే తొట్టిలో ఉప్పూ గంధకామ్లమూ, ఆ తర్వాత డ్రమ్ములో క్రోమియం సల్ఫేటు, చివరగా రంగులు, నూనెలు. పాత పద్ధతిలో వేసిన క్రోమియంలో తోలు పట్టుకునేది మూడింట రెండు వంతులు. మిగిలింది నీలం పచ్చ రంగు నీళ్లుగా కాలువలోకి పోతుంది. మొత్తం మీద కిలో తోలుకు 30 నుంచి 40 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి. మా పెద్ద వార్డులో ఒక రోగికి రోజు మొత్తానికి అన్ని నీళ్లు ఇవ్వలేని వేసవులు మేము చూశాం.

క్రోమియం గురించి రెండు ముక్కలు. తోలు పదునుకు వాడేది మూడో రకం, నీలం ఆకుపచ్చల మధ్య ఉంటుంది. చర్మానికి పడనివారికి మా కుర్రవాడికి చేసినట్టు చేస్తుంది గాని, మరీ విషం కాదు. ఆరో రకం పసుపు, నారింజ రంగుల్లో ఉంటుంది. అది ముక్కు లోపలి గోడకు చిల్లి పెడుతుంది, చర్మం మీద నొప్పి లేని గుంటపుళ్లు వేస్తుంది. పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. మూడో రకం ఆరో రకంగా మారే దారులు కూడా ఉన్నాయి. తోలు మడ్డిని, తోలు ముక్కలను గాలి తగిలేట్టు కాల్చడం వాటిలో ఒకటి. కర్మాగారాల దగ్గర చెత్త ఏరుకునే వాళ్లు తోలు ముక్కలు పొయ్యిలో పెట్టుకుంటారని అతను చెప్పాడు. అది తప్పక మాన్పించవలసిన పని.

కలపకుండా ఉంచడమే సగం శుద్ధి

అన్ని నీళ్లూ ఒకే కాలువలో కలిపేసి చివర ఏదో మందు పోసి బాగు చేస్తారని మేము అనుకున్నాం. "కలిపితే మునిగినట్టే సిస్టరమ్మా" అన్నాడు. మంచి చోట మూడు కాలువలు వేరువేరుగా ఉంటాయి: ఉప్పు నీళ్లు, సున్నం సల్ఫైడు నీళ్లు, క్రోమియం నీళ్లు.

ఉప్పు నీళ్లను మన ఊళ్లలో ఉప్పు మడుల్లాంటి మడుల్లో ఎండబెడతారు. క్రోమియం నీళ్లు పులుపు మీద ఉంటాయి. వాటిలో మెగ్నీషియం ఆక్సైడు గాని, కాస్టిక్ సోడా గాని, సున్నం గాని కలిపి పి.హెచ్. 8 నుంచి 9 మధ్యకు తెస్తే కరిగి ఉన్న క్రోమియం ఆకుపచ్చ మడ్డిగా విరిగి అడుగుకు దిగుతుంది. ఇది మోతాదు మీద నడిచే పని. తక్కువైతే దిగదు, కాస్టిక్ మరీ ఎక్కువైతే దిగింది కూడా కొంత తిరిగి కరుగుతుంది. మెగ్నీషియం ఆక్సైడు మెల్లగా కరుగుతుంది కాబట్టి అతిగా పోయే భయం తక్కువ, మడ్డి కూడా గట్టిగా దిగుతుంది. పైన తేట నీళ్లు తీసేసి ఆ మడ్డిలో గంధకామ్లం పోస్తే మళ్లీ క్రోమియం సల్ఫేటు వస్తుంది, దాన్ని తిరిగి డ్రమ్ములో వాడుకుంటారు. శుద్ధిలో యజమానికి డబ్బు తిరిగి వచ్చే మెట్టు ఇదొక్కటే అనుకుంటాం. అయినా ఆ గది తాళం వేసి ఉన్న చోట్లు తాను చూశానన్నాడు.

సల్ఫైడు నీళ్లలో మాంగనీసు సల్ఫేటు చిటికెడు వేసి గంటల తరబడి గాలి కొడతారు. గాలిలోని ప్రాణవాయువు సల్ఫైడును మార్చేస్తుంది, మాంగనీసు ఆ పని త్వరగా జరిపిస్తుంది. గాలి కొట్టే మిషనుకు కరెంటు కావాలి. కరెంటు బిల్లు చూసి రాత్రిపూట దాన్ని ఆపేస్తే ఏం జరుగుతుందో తర్వాత చెప్తాం.

ఇవన్నీ అయ్యాక నీళ్లను ఒక పెద్ద తొట్టిలో కలిపి సున్నం, పటిక లేక ఇనుము లవణం, ఆ పైన పాలీ ఎలక్ట్రోలైటు అనే జిగురు మందు వేస్తారు. ఈ మెట్టు మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఏరు పొంగిన రోజుల్లో అమ్మమ్మలు బిందె లోపల చిల్లగింజ అరగదీసేవారు, లేదా పటిక ముక్క తిప్పేవారు. మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి దిగుతాయి. ఎంత పటిక వేయాలో రోజూ చూసుకోవాలి. ఆరు గాజు బీకర్లలో ఆ రోజు నీళ్లు తీసుకుని ఒక్కొక్క దానిలో ఒక్కో మోతాదు వేసి, ముందు ఒక నిమిషం గబగబా, తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా తిప్పి, అరగంట కదపకుండా ఉంచుతారు. ఏ బీకరు తేటగా ఉంటే ఆ మోతాదు. దీన్ని జార్ టెస్టు అంటారు. రోగి బరువు చూడకుండా ఇంజెక్షన్ ఇచ్చేవారిని మేము ఎంత కోప్పడతామో, జార్ టెస్టు చేయకుండా నిన్నటి లెక్కన బస్తాలు గుమ్మరించేవారిని అంత కోప్పడాలి.

తేరిన నీళ్లలో ఇంకా కరిగిన మాంసం, కొవ్వు, చెక్క రసం మిగిలే ఉంటాయి. వాటిని మందులు తీయలేవు. పెద్ద తొట్లలో గాలి కొడుతూ సూక్ష్మజీవుల చేత తినిపించాలి. క్రోమియం, సల్ఫైడు ముందే తీయకపోతే ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అప్పుడు మొత్తం శుద్ధి కేంద్రం వారాల తరబడి పడకేస్తుంది.

తొట్టిలో దిగిన మనిషి

సల్ఫైడు సున్నం నీళ్లలో ఉన్నంతసేపు బుద్ధిగా నీళ్లలోనే ఉంటుంది. దానికి పులుపు తగిలితే హైడ్రోజన్ సల్ఫైడు వాయువుగా పైకి లేస్తుంది. పికిల్ నీళ్లు, క్రోమియం నీళ్లు రెండూ పులుపే. అందుకే కాలువలు కలవకూడదు. కలవకపోయినా, గాలి ఆపేసిన తొట్టి అడుగున మడ్డిలో సూక్ష్మజీవులు కూడా అదే వాయువును పుట్టిస్తాయి. పైకి ఏమీ కనపడదు. ఎవరైనా దిగి మడ్డిని కదిలించినప్పుడు ఒక్కసారిగా లేస్తుంది.

ఒక రాత్రి షిఫ్టులో అతను పని చేసే చోట నీళ్లు చేరే తొట్టిలో పంపుకు వెంట్రుకలు, తోలు పీలికలు అడ్డుపడ్డాయట. ఒక కూలీ నిచ్చెన వేసుకుని దిగాడు. నాలుగు మెట్లు దిగేసరికి జారి పడిపోయాడు. కాలు జారిందనుకుని వెనకాలే ఇంకొకడు దిగాడు. అతనూ లేవలేదు. మా కుర్రవాడు మూడోవాడుగా నిచ్చెన పట్టుకున్నాడు. వయసు మళ్లిన మేస్త్రి ఒకాయన వెనక నుంచి చొక్కా పట్టి ఈడ్చి కింద పడేశాడట. "ముగ్గురికీ నేను లెక్క చెప్పలేనురా" అని అరిచాడట. పంకా తెచ్చి గాలి కొట్టి, తాళ్లు వేసి పైకి తీసేసరికి మొదట దిగినవాడు పోయాడు. రెండోవాడు చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి బతికాడు గాని, ఇప్పటికీ మాటలు మర్చిపోతుంటాడట. ఇది చెప్తున్నప్పుడు డ్రెస్సింగ్ ట్రే పట్టుకున్న మా చిన్న సిస్టరు చేతులు ఆగిపోయాయి. ట్రే మేము తీసుకున్నాం.

ఈ వాయువు సంగతి తోళ్ల కర్మాగారానికే పరిమితం కాదు. సెప్టిక్ ట్యాంకులు, మురుగు మ్యాన్‌హోళ్లు, చేపల వ్యర్థం నిలవ ఉంచే గుంటలు, పడవ అడుగున కుళ్లిన చేపలున్న అర, అన్నిచోట్లా ఇదే. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు చేరేసరికి కొన్ని నిమిషాల్లో ముక్కుకు వాసన పట్టే శక్తి పోతుంది. వాసన పోయింది, ఇక ఫరవాలేదు అనుకుని దిగేది అప్పుడే. 500 దాటితే స్పృహ తప్పుతుంది. 1000 దాటితే రెండు మూడు శ్వాసలు చాలు. గాలి కంటే కొంచెం బరువు కాబట్టి గుంటలో అడుగునే ఉంటుంది. ముఖానికి తడిగుడ్డ కట్టుకుంటే ఆగదు. ఆసుపత్రి మాస్కు కూడా ఆపదు.

కాబట్టి ఎవరైనా గుంటలో పడితే దిగకండి. ఇంకొకరిని దిగనివ్వకండి. కేకలు వేయండి, 108కి, ఫైర్ స్టేషనుకు ఫోను చేయండి, పంకా గాని గాలి కొట్టే మిషను గాని దొరికితే గాలి లోపలికి కొట్టండి. విడిగా గాలి అందించే సిలిండరు పెట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని, పైన మనుషులు ఉంటే తప్ప ఎవరూ దిగకూడదు. బయటికి తీసిన మనిషిని గాలికి ఎదురు వైపు దూరంగా పడుకోబెట్టి తడిసిన బట్టలు తీసేయాలి. నోటితో ఊపిరి ఊదకండి, ఊదినవారికీ ప్రమాదమే. ఆసుపత్రిలో బ్యాగు మాస్కు ఉంటుంది. ఆక్సిజనే ముఖ్యమైన మందు, అది ఎంత త్వరగా అందితే అంత మంచిది.

సున్నం, సల్ఫైడు కంట్లో పడితే ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా ధారగా మంచినీళ్లతో కడిగి తీసుకురండి. చర్మం మీద పొడి సున్నం పడితే ముందు దులిపి తర్వాత కడగాలి. సున్నానికి విరుగుడు పులుపు అని నిమ్మకాయ, వెనిగారు పూయడం మన పల్లెల్లో ఉంది. సల్ఫైడు అంటిన ఒంటి మీద పులుపు పోస్తే ఏం లేస్తుందో ఇప్పుడు మీకు తెలుసు.

మందుకు లొంగని ఉప్పు

క్రోమియం తీయవచ్చు, సల్ఫైడు తీయవచ్చు. మిగిలేది ఉప్పు. ఏ పటికా ఏ సున్నమూ ఉప్పును దించలేవు, పైపెచ్చు శుద్ధికి వేసే మందులే ఇంకొంత లవణాన్ని చేరుస్తాయి. మన దేశపు పాత సాధారణ ప్రమాణాల్లో నదుల్లోకి వదిలే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు దాటకూడదని ఉండేది. తోళ్ల కర్మాగారం నీటిలో 10,000 దాటడం మామూలు. సముద్రపు నీటిలో ఉండేది సుమారు 35,000.

దీని ఫలితం చూడాలంటే దూరం పోనక్కర్లేదు. పాలారు నది కర్ణాటకలో పుట్టి మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులోకి పోతుంది. అక్కడ వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ఊళ్లు తోళ్లకు పేరు. 1991లో వెల్లూరు పౌరుల సంఘం ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంత గాని పూర్తిగా గాని పనికిరాకుండా పోయిందని ఆ తీర్పులో రాశారు. ఐదు జిల్లాల తోళ్ల కర్మాగారాలకు తలా 10 వేల రూపాయల జరిమానా వేశారు. శుద్ధి కేంద్రం లేనివాటిని మూసేయమన్నారు. చెరిపినవాడే ఖర్చు భరించాలనే సూత్రం మన దేశ చట్టంలో భాగమని చెప్పిన తీర్పు అదే. అంతకు ముందు 1987లో కాన్పూరు కేసులో కూడా, కనీసపు శుద్ధి ఏర్పాటు చేసుకోలేని కర్మాగారం, కనీస కూలి ఇవ్వలేని కర్మాగారం లాంటిదేనని, దాన్ని నడవనివ్వకూడదని కోర్టు చెప్పింది.

1996 తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. క్రోమియం చాలావరకు తగ్గింది. ఉప్పు తగ్గలేదు. తర్వాతి కాలంలో నీటి చుక్క బయటికి పోకూడదని రివర్స్ ఆస్మోసిస్, ఆవిరి యంత్రాలు పెట్టించారు. ఖర్చు ఎక్కువ, చివర మిగిలిన మురికి ఉప్పును కొనేవారు లేరు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్లీ పాలారు మీదే తీర్పు చెప్పవలసి వచ్చింది. బాధితులకు పరిహారం ప్రభుత్వం ముందు చెల్లించి కర్మాగారాల నుంచి రాబట్టమన్నది. మధ్యలో ఇరవై ఎనిమిది సంవత్సరాలు గడిచాయి.

మడ్డి సంగతి కూడా అక్కడి నుంచే నేర్చుకోవాలి. నీళ్లు ఎంత బాగా తేర్చితే అంత మడ్డి మిగులుతుంది. క్రోమియం ఉన్న మడ్డిని పొలాల్లో పోయకూడదు, కాల్చకూడదు, పిండి ఎండబెట్టి అడుగున పొర పరచిన గుంటలో పూడ్చాలి. 2015 జనవరి 31 తెల్లవారుజామున రాణిపేట పారిశ్రామికవాడలో ఉమ్మడి శుద్ధి కేంద్రం మడ్డి తొట్టి గోడ కూలింది. పక్క కర్మాగారంలో నిద్రపోతున్న 10 మంది పనివాళ్లు ఆ మడ్డి కింద పడి చనిపోయారు. అందులో ఎక్కువమంది బెంగాల్ నుంచి వచ్చినవారు. అదే ఊళ్లో మూతపడిన ఒక క్రోమేటు ఫ్యాక్టరీ ఆవరణలో లక్ష టన్నులకు పైగా వ్యర్థం దశాబ్దాల తరబడి వానకు తడుస్తూ పడి ఉంది. అది ఆరో రకం.

కాబట్టి మా తీరంలో అడిగిన ప్రశ్నకు జవాబు: శుద్ధి అంటే తాగే నీళ్లు కాదు. సముద్రంలోకి వదలడానికి సాధారణ ప్రమాణాలు లీటరుకు మొత్తం క్రోమియం 2 మిల్లీగ్రాములు, సల్ఫైడు 5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తాయి. తాగే నీటిలో మొత్తం క్రోమియం 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే నలభై రెట్ల తేడా. సముద్రంలో ఎలాగూ ఉప్పే కదా అనేవారి మాటలో కొంత నిజం ఉంది. పాలారుకు ఉప్పు చేసిన హాని సముద్రానికి చేయదు. కాని నీళ్లు సముద్రానికి చేరేలోపు ఏ దారిన పోతాయి? మన తీరంలో ఆ దారిలో బకింగ్‌హాం కాలువ ఉంది, ఉప్పుటేర్లు ఉన్నాయి, రొయ్యల గుంటలు ఉన్నాయి. ఇసుక నేలలో మనిషి లోతు తవ్వితే ఊరే దొరువులున్నాయి, వాటి నీళ్లతోనే వేరుశనగ, కూరగాయలు పండిస్తారు. ఇసుకలో కారిన గొట్టం రెండేళ్లకు గాని బయటపడదు. ఆ రెండేళ్లు దొరువు నీళ్లు తేటగానే కనపడతాయి.

బావి మీద అనుమానం ఉన్నవారికి ఒక మాట. కాచడం వల్ల క్రోమియం గాని ఉప్పు గాని పోదు, నీళ్లు తగ్గి చిక్కబడుతుంది. పటిక, చిల్లగింజ మట్టిని దించుతాయి, కరిగిన ఉప్పును దించవు. నీళ్లు రుచి మారితే, పసుపు ఛాయ కనపడితే సీసాలో పట్టి పరీక్షకు పంపించండి, తేదీ రాసి పెట్టుకోండి. పరిశ్రమ రాకముందు చేయించిన పరీక్ష కాగితం ఉంటే తర్వాత చాలా ఉపయోగపడుతుంది. పాలారు రైతుల దగ్గర లేనిది అలాంటి కాగితమే.

తోళ్ల పనిని చెడ్డదని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఎంతోమంది దాని మీద బతుకుతున్నారు. ఆ పనికి శాస్త్రం తెచ్చిన పెద్దమనిషి మన తెలుగువాడే. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధనాలయాన్ని చాలాకాలం నడిపి, 1985 జూన్ 23న కనిష్క విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆ సంస్థే తర్వాతి కాలంలో పికిల్ లేకుండా, డ్రమ్ములో నీళ్లు పోయకుండా క్రోమియం పట్టించే పద్ధతి తెచ్చింది. వేసిన క్రోమియంలో 90 శాతానికి పైగా తోలే పట్టుకుంటుంది, కాలువలోకి పోయేది బాగా తగ్గుతుంది. చివర మందు పోసి తీయడం కంటే మొదట్లోనే వదలకపోవడం మేలని మాలాంటివారికి కూడా అర్థమవుతుంది. ఢాకాలో హజారీబాగ్ కర్మాగారాలను 2017లో సావర్‌కు తరలించినప్పుడు ఉమ్మడి శుద్ధి కేంద్రం పూర్తిగా సిద్ధం కాకుండానే తరలించారు. మురికి బూరిగంగ నుంచి ధలేశ్వరికి మారింది.

మా ఆసుపత్రిలో కేసు షీటు మార్చాం. వృత్తి గడి కింద ఇంకో మూడు గీతలు వేయించాం: ఏ పని, ఏ ఊళ్లో, చేతికి ఏమి తగులుతుంది. మొదటి నెలలోనే ఆ గీతల వల్ల ఇద్దరు తాపీ మేస్త్రీలు, రొయ్యల షెడ్డులో పనిచేసే ఒకామె దొరికారు. వాళ్లకూ మేము తామర మందే ఇస్తున్నాం.

ఆ కుర్రవాడు పని మానలేదు. చెల్లెలి పెళ్లి అప్పు ఉంది. యజమానిని అడిగి మడ్డి పని నుంచి జార్ టెస్టు చేసే గదికి మారాడు, ఆరు బీకర్ల పని. మోచేతి దాకా వచ్చే చేతి తొడుగులు రెండు జతలు, లోపల వేసుకునే నూలు తొడుగులు నాలుగు జతలు ఇచ్చి పంపాం. నూలువి రోజూ ఉతికి ఆరేసుకోమన్నాం. సంక్రాంతికి వచ్చినప్పుడు చేతులు చూపించమన్నాం. వాళ్ల అమ్మ మాత్రం ప్రతి నెలా బి.పి. మాత్రలకు వస్తుంది. ఫోనులో కొడుకు చేతుల ఫోటో పెట్టించుకుని తెస్తుంది.